భయపడ్డవాళ్లు పిరికివాళ్లా? ఏలా లోయలో ఆ 40 రోజులు

నమస్కారం. దావీదు, గొల్యాతుల కథ మీకు వచ్చు కాబట్టి వడిసెల జోలికి పోవడం లేదు. ఏలా లోయలో ఫిలిష్తీయుల వీరుడు గొల్యాతు సవాలుకు 40 రోజులు ఎవరూ ఎదురు వెళ్లలేదు కదా, అందుకని "ఇశ్రాయేలు రాజు సౌలు సైనికులు ఉత్త పిరికివాళ్లు" అంటారు. ఆ మాట గురించే ఈ వీడియో. అది ఆ మనుషులకు అన్యాయం చేసే మాట.

[తెర మీద: రెండు కొండలు, నడుమ లోయ]

ముందు ఎత్తు సంగతి. మన బైబిల్లో గొల్యాతు ఆరు మూరల జానెడు, అంటే దాదాపు తొమ్మిది ముప్పావు అడుగులు. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన సమూయేలు గ్రంథం ప్రతిలోనూ, పాత గ్రీకు అనువాదంలోనూ నాలుగు మూరల జానెడే. ఆరు ముప్పావు అడుగులన్నమాట. అందరికంటే తల ఎత్తు ఎక్కువున్న సౌలు కూడా హడలిపోయాడు. నన్నడిగితే మూరల కంటే ఇనుమే వాళ్లను ఎక్కువ భయపెట్టింది. 1 సమూయేలు 13 తీయండి. ఇశ్రాయేలులో కమ్మరి లేడు, ఫిలిష్తీయులు ఉండనివ్వలేదు. నాగలి కర్రుకు పదును పెట్టించాలన్నా వాళ్ల దగ్గరికే పోవాలి. అంతకుముందు వాళ్లతో జరిగిన మిక్మషు యుద్ధం నాడు కత్తీ ఈటె ఉన్నది సౌలుకు, అతని కొడుకు యోనాతానుకు మాత్రమే. అలాంటి జనం ఎదుటికి గొల్యాతు 600 షెకెళ్ల ఈటె మొన వచ్చింది. సుమారు ఏడు కిలోల ఇనుము.

ఇక భయం ఎలా పాకుతుందో చూద్దాం. యెహోషువ కాలంలో హాయి అనే పట్టణం మీదికి సుమారు 3,000 మంది ఇశ్రాయేలీయులు వెళ్తే చనిపోయింది 36 మంది. అయినా జనం గుండెలు కరిగి నీరయ్యాయని యెహోషువ 7:5లో ఉంది. హెబ్రీలో 'మసస్', కరిగిపోవడం. గుండె నీరుగారిపోయింది అని మనమూ అంటాం కదా, అచ్చం అదే. నీరు ఒకచోట నిలవదు. సైన్యాన్ని చెరువు కట్ట అనుకోండి. ఎలుక బొక్కలోంచి ఊట మొదలైతే చాలు, తెల్లారేసరికి గండి. గొల్యాతు పొద్దునా సాయంత్రం, 40 రోజులు, అంటే 80 సార్లు వచ్చాడు. ఒక్కరినైనా చంపినట్టు రాయలేదు. ఊట పెంచాడంతే.

ఆ ఊటకు ద్వితీయోపదేశకాండము 20లో పద్ధతి ఉంది. యుద్ధానికి ముందే అధికారులు వరసగా అడగాలి. కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేయనివాడు ఉన్నాడా? ద్రాక్షతోట వేసి పండు తిననివాడు? నిశ్చితార్థమై పెళ్లి కానివాడు? చివరికి, భయపడేవాడు? వాడి గుండెలాగే తోటివాళ్ల గుండెలూ కరగకూడదు, ఇంటికి పంపేయండి. శిక్ష లేదు. యూదు గురువుల పాత ధర్మబోధల సంకలనం మిష్నాలో గలిలయుడైన రబ్బీ యోసే ఇంకో మాట అంటాడు. ఆ నాలుగోవాడిది తన పాపాల భయం, మొదటి మూడు కారణాలూ అతనికి చాటు, వాటి పేరున వెళ్లిపోవచ్చు. ఎంత మర్యాద! పోరు మొదలయ్యాక మాత్రం అదే మిష్నా పారిపోయేవాడి కాళ్లు నరకమంటుంది. గండి పడ్డాక మట్టి నిలవదు మరి.

సౌలు ఈ ప్రశ్నలు అడిగినట్టు ఎక్కడా లేదు. ధనమిస్తాను, కూతుర్నిస్తాను అన్నాడు. బహుమానంతో ఊట ఆగుతుందా?

టైం అయిపోతోంది, సౌలు కంటే ముందు ఇశ్రాయేలును నడిపించిన గిద్యోను గురించి గబగబా. అతని సైన్యం దిగింది హరోదు బావి దగ్గర, హెబ్రీలో ఆ పేరులోనే వణుకు. భయపడేవాళ్లు వెళ్లమంటే 32,000లో 22,000 మంది వెళ్లారు. నీళ్ల దగ్గర పరీక్షతో 10,000 కాస్తా 300 అయింది. ఎదుట మిద్యానీయులు, వాళ్ల తోడువాళ్లు 1,35,000. ఆ రాత్రి గిద్యోనుకే దేవుని మాట వచ్చింది: నీకు భయమైతే పనివాడు పూరాను వెంటబెట్టుకుని వాళ్ల దండు దగ్గరికి దిగు, ఏమనుకుంటున్నారో విను. దిగాడు. అక్కడొకడు తోటివాడికి కల చెబుతున్నాడు, యవల రొట్టె దొర్లుకుంటూ వచ్చి తమ గుడారాన్ని కూల్చిందట. అది గిద్యోను కత్తే అన్నాడు రెండోవాడు. ఊట అవతలి కట్టలోనూ మొదలైంది.