మామయ్యగారి బొమ్మలు, మా పాప పిట్టల పుస్తకం

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. పోయిన వీడియోలో నా వెనక టేబుల్ మీదున్న పిట్టల బొమ్మలు ఎవరు వేశారని మా పిన్ని ఫోన్ చేసి మరీ అడిగింది. మా మామయ్యగారు పిన్నీ! హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు న్యూజెర్సీలో మా దగ్గరున్నారు. మా పాప కోసం ఒక పిట్టల పుస్తకం చేస్తున్నాం. బొమ్మలు ఆయనవి, మాటలు నావి. ఎడమ పేజీలో మన పిట్ట, కుడి పేజీలో ఇక్కడి పిట్ట.

పాలపిట్టకి జతగా బ్లూ జేని పెట్టుకున్నాం. పొద్దున బ్యాక్‌యార్డ్‌లో దాని ఈక ఒకటి పడి ఉంది. నీలం మీద నల్ల చారలు, ఎంత బాగుందో! రంగు సరిగ్గా చూద్దామని మామయ్యగారు దాన్ని ఎండకి అడ్డంగా పైకెత్తితే నీలం మాయం. మట్టిరంగు ఈకైపోయింది. అసలు ఆ ఈకలో నీలం రంగన్నదే లేదండీ. ఈక లోపలి సన్నటి అల్లిక, మీద పడ్డ వెలుతురులోంచి నీలాన్ని వెనక్కి చిమ్ముతుంది. వెలుతురు వెనక నుంచి వస్తే ఆ నీలం కనపడదు. పాలపిట్ట రెక్కల నీలం కూడా ఇలాంటిదే. "ఇన్నేళ్ళు రంగులు నేర్పాను గానీ ఇది నాకు తెలియదమ్మా" అంటూ పాప కంటే ఎక్కువ సంబరపడ్డారు. ఆ పేజీకి నా మాటలు అక్కడికక్కడే దొరికాయి: "ఎండ నా మీద పడితే నీలం, నా వెనకుంటే మట్టిరంగు. నేనెవర్ని?"

పాప ఆ ఈకను దాచుకుంటానని గొడవ. మనం నెమలీకను పుస్తకంలో పెట్టి, పిల్లలు పెట్టిందేమోనని రోజూ తెరిచి చూసుకున్నవాళ్ళమే కదా! ఇక్కడ కుదరదండీ. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం ఈ దేశపు పిట్టల ఈక, దానంతటది రాలి దొరికినా సరే, మన దగ్గర ఉంచుకోకూడదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ టోపీల కోసం కొంగల్ని గుట్టలుగుట్టలుగా చంపేవారు. రాలిన ఈకేదో చంపి పీకిన ఈకేదో ఎవరు తేలుస్తారు? అందుకే రెండూ వద్దన్నారు. పాప ఏడ్చింది గానీ నాకు మాత్రం ఆ చట్టం చాలా నచ్చింది. మామయ్యగారు ఈకను తీసినచోటే పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని అక్కడే బొమ్మ వేశారు.

పిచ్చుకకి మాత్రం ఈ రక్షణ లేదు. 1850ల్లో యూరప్ నుంచి న్యూయార్క్‌కి తెచ్చి వదిలారు కాబట్టి ఇక్కడిది కాదంటారు. మామయ్యగారు ఇది విని "ఇన్ని తరాలు ఇక్కడే గూళ్ళు కట్టుకున్నా ఇంకా బయటిదేనా అమ్మా?" అన్నారు. మా గ్రీన్‌కార్డు సంగతి గుర్తొచ్చి నాకు మాట రాలేదు. పిచ్చుకకి రెండు పేజీలూ ఇచ్చేశాం.

ఇక ఖర్చు. పుస్తకానికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, కావాలంటే అమెరికాలో ఒక్క నంబరు 125 డాలర్లు. మన డబ్బుల్లో పదివేలు పైమాటే! మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. అందుకే మామయ్యగారు ఇంటికెళ్ళాక తన పేరు మీదే అప్లై చేసి అక్కడే అచ్చు వేయిస్తారు. అట్ట మీద ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉండాలని నేను పట్టుబట్టాను. ఇన్నేళ్ళు ఎందరో పిల్లల చేత బొమ్మలు వేయించారు, ఆయన పేరుతో ఒక్క పుస్తకమైనా ఉండొద్దా?

మిగిలింది ఒక్క జత. గిజిగాడికి బాల్టిమోర్ ఓరియోల్. రెండూ వేలాడే గూళ్ళే అల్లుతాయి, కాకపోతే గిజిగాడిలో అల్లేది మగపిట్ట, ఓరియోల్‌లో ఆడపిట్ట. ఫోటో చూసి వేయమంటే మామయ్యగారు ససేమిరా అంటున్నారు, కళ్ళారా చూడాలట. నారింజపండు కోసి పెడితే వస్తుందని కొమ్మకి కట్టాం, ఇంకా రాలేదు. న్యూజెర్సీలో మీ ఇంటికి గానీ వస్తుంటే కామెంట్‌లో చెప్పండి ప్లీజ్. డ్రాయింగ్ బోర్డు కార్లో వేసుకుని వచ్చేస్తాం.