ఈ లెగ్గింగ్స్ వేరు: 1938 మోడల్ అమెరికన్ సైన్యం కాన్వాస్ లెగ్గింగ్స్ కట్టుకోవడం ఎలా

అందరికీ నమస్కారం. లెగ్గింగ్స్ అనగానే కుర్తీ కిందకి వేసుకునేవి అనుకుని వచ్చినవాళ్లు ఉంటే సారీ, ఇవి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు బూటు పైనుంచి పిక్క దాకా తొడుక్కున్న కాన్వాస్ తొడుగులు. ఎన్‌సీసీ చేసినవాళ్లకి ఆంక్లెట్ గుర్తుంటుంది కదా, పరేడ్ ముందు రోజు రాత్రి కూర్చుని బకుల్స్ తోముకునేవాళ్లం, దానికి పొడుగు అన్నయ్య అనుకోండి. కాకపోతే ఇందులో బకుల్ ఒక్కటే, మిగతాదంతా లేసు. ఆ లేసు దగ్గరే అందరూ బోల్తా పడేది.

[లెగ్గింగ్ ఒకటి టేబుల్ మీద పరిచి, పైనుంచి షాట్]

దీన్ని ఎం-1938 అంటారు. అప్పటి సర్వీస్ షూ చీలమండ దాటి కాస్త పైకి మాత్రమే వచ్చేది, అందుకని బురద, గులకరాళ్లు, గడ్డిగింజలు లోపలికి పోకుండా పైన ఇది కట్టేవాళ్లు. దీనికంటే ముందు కథ ఇంకా బాగుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్స్ వెళ్లిన అమెరికన్ సైనికులు అక్కడ కాన్వాస్ వదిలేసి, బ్రిటిష్ వాళ్లలా కాళ్లకి ఉన్ని పట్టీలు చుట్టుకున్నారు. ఇంగ్లీషులో వాటి పేరు పటీ, అది మన పట్టీయే, హిందీ నుంచి పోయిన మాట. మన దగ్గర పాతకాలం పోలీసులు నిక్కరు కింద చుట్టుకునేవి కూడా అవే. చుట్టడానికి ఓపిక కావాలి, వదులైతే నడుస్తుండగానే ఊడి కాళ్లకి అడ్డం పడతాయి. ఆ తర్వాత అమెరికా మళ్లీ కాన్వాస్‌కే వచ్చింది. 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో, ఒమాహా బీచ్ మీద దిగిన పదాతి దళం కాళ్లకి ఉన్నవి ఇవే.

సరే, కట్టడం చూద్దాం. అన్నిటికంటే ముందు, ఏది ఎడమ, ఏది కుడి?

[క్లోజప్: ఒక అంచున కొక్కేలు, ఇంకో అంచున కన్నాలు]

ఈ ఇత్తడి కొక్కేలు ఉన్నాయి చూశారా, ఇవి ఎప్పుడూ కాలికి బయటి వైపే ఉండాలి. అంటే రెండూ ఒకేలా ఉండవు, అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. నేను మొదటిసారి ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఈ సంగతి తెలియదు. అమ్మినాయన జత అని పంపాడు, తీరా చూస్తే రెండూ ఎడమ కాలివే. నాకు అది కూడా అర్థం కాక రెండూ వేసుకుని దర్జాగా ఫొటోలకి వెళ్లాను. కుడికాలి కొక్కేలు లోపలి వైపుకి వచ్చాయి కదా, నాలుగు అడుగులు వేశానో లేదో అవి వెళ్లి ఎడమకాలి గుడ్డని పట్టుకున్నాయి. గడ్డిలో బోర్లా పడ్డాను, మా ఆవిడ ఆ వీడియో ఇప్పటికీ డిలీట్ చెయ్యలేదు. కాబట్టి కొనేముందు రెండూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో అడగండి, మొహమాటపడొద్దు.

ముందు షూ వేసుకుని లేసులు కట్టేయండి. లెగ్గింగ్ కిందున్న పట్టీ షూ అడుగు నుంచి వెళ్తుంది, అందుకే షూ తర్వాతే ఇది. ప్యాంటు అంచుని కాలికి అంటుకునేలా లాగి, మిగిలిన గుడ్డని వెనక్కి ఒకే మడత పెట్టండి. ఎక్కువ మడతలు పెడితే గంట నడిచాక ఆ మడత ఎక్కడుందో పిక్కే చెబుతుంది.

ఇప్పుడు లేసు. చాలామంది షూ లేసులాగా కాలి మీద పెట్టుకుని ఒక్కొక్క కన్నంలో దూర్చడం మొదలుపెడతారు, పావుగంట పడుతుంది, నడుం పట్టేస్తుంది. అలా వద్దు. లెగ్గింగ్ టేబుల్ మీద ఉండగానే, లేసు కింది చివర ముడి వేసి, కన్నాల్లోంచి పై దాకా ఎక్కించి, లూపులు వదులుగా వదిలేయండి. ఈ పని ఒక్కసారే. తర్వాత కాలికి చుట్టి, ముందు భాగం షూ లేసుల్ని కప్పేలా సర్దుకుని, అడుగు పట్టీని మడమకి ముందు ఆ గుంటలోకి తెచ్చి బకుల్ వదులుగా పెట్టండి.

[క్లోజప్: కింది లూపు వేలితో లాగి కొక్కేనికి తగిలించడం]

కింద నుంచి పైకి, ఒక్కో లూపుని ఒక్కో కొక్కేనికి. ఇదిగో, టక్ మని కూర్చుంది. చీలమండ దగ్గర బిగువుగా లాగండి, అక్కడ వదులైతే మొత్తం గుడారంలా తిరుగుతుంది. పిక్క దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి తేలిక చెయ్యండి, రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి. నడుస్తుంటే పిక్క ఉబ్బుతుంది, కాన్వాస్ తడిస్తే బిగుసుకుంటుంది, రెండూ కలిస్తే పాదం తిమ్మిరెక్కడం ఖాయం. పైన ముడి వేసి, మిగిలిన లేసుని లోపలికి దోపేయండి, వేలాడనివ్వొద్దు. అప్పుడు లేచి నిలబడి అడుగు పట్టీని బిగించండి. కూర్చుని బిగిస్తే నిలబడగానే మళ్లీ వదులవుతుంది.

ఒరిజినల్ అయితే ముందు చూడాల్సింది ఆ పట్టీనే. మనం నడిచేదే దాని మీద కదా, మొదట అరిగేది అదే. కుట్లు పుచ్చిపోయి ఉంటే అవి షెల్ఫ్‌లో పెట్టుకుని, నడవడానికి కొత్తగా తయారైనవి కొనుక్కోండి. రంగు గురించి టెన్షన్ పడొద్దు, మొదట్లోవి ఖాకీ, తర్వాత వచ్చినవి ఆకుపచ్చ. వాషింగ్ మెషీన్‌లో మాత్రం దయచేసి వెయ్యకండి.

నిజం చెప్పాలంటే సైనికులకి ఇవంటే పెద్ద ప్రేమేం లేదు. పొద్దున్నే చీకట్లో, తడిసిన లేసుతో, చల్లటి వేళ్లతో ఈ పని ఊహించుకోండి. అందుకే రెండు బకుల్స్ ఉన్న తోలు పట్టాతో ఎం-1943 బూటు వచ్చాక మెల్లగా ఇవి పక్కకి పోయాయి.

విప్పేటప్పుడు పై ముడి తీసి, లూపులు కొక్కేల నుంచి జారిస్తే చాలు, కన్నాల్లోంచి లేసు లాగొద్దు. ఇకపోతే, నా దగ్గర ఆ రెండో ఎడమకాలిది అలాగే ఉంది, సైజు 2ఆర్ (ఆర్ అంటే రెగ్యులర్, రైట్ కాదు), ఖాకీ. మీలో ఎవరి దగ్గరైనా ఒంటరిగా కుడికాలిది పడి ఉంటే కామెంట్లో చెప్పండి.