సొరుగు తిరగేసి చూడండి
(బర్మింగ్‌హామ్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

స్లైడ్లు వేస్తాననుకుని లైట్లు తీసేసినట్టున్నారు, దయచేసి వేసేయండి. నా దగ్గర స్లైడ్లు లేవు. ఈ సొరుగు ఒక్కటే తెచ్చాను. ఇది ఉండాల్సిన బల్ల ఏమైపోయిందో తెలీదు. ఒక కార్ బూట్ సేల్‌లో, అంటే కార్ల డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్ముకునే సంతలో, ఒకాయన ఇందులో పాత స్క్రూడ్రైవర్లు పోసి అమ్ముతున్నాడు. స్క్రూడ్రైవర్లు ఆయనకే వదిలేసి సొరుగు కొనుక్కున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

నన్ను మాట్లాడమన్నది పాత బ్రిటిష్ ఫర్నిచర్, అలంకరణ వస్తువులు, స్మారక పతకాల సేకరణ గురించి. వినడానికి మూడూ వేరువేరు వ్యవహారాల్లా ఉంటాయి. కానీ మనం బతుకుతున్న ఈ ఊరికి మూడింటితోనూ సంబంధం ఉంది, అక్కడికి వస్తాను. ముందు ఒక్క మాట. ఏ వస్తువుకైనా ముందు భాగం కొనేవాడి కోసం చేస్తారు. వెనక భాగం ఎవరూ చూడరన్న ధీమాతో చేస్తారు. సేకరణ మొదలుపెట్టాలంటే ముందు ఆ వెనక వైపు చూడటం అలవాటు చేసుకోవాలి.

ఈ సొరుగు ముందు పలక మహాగని. ఎర్రగా, నున్నగా ఉంది. తిరగేస్తున్నాను చూడండి. పక్క పలకలు, అడుగు పలక ఓక్. ఖరీదైన చెక్క కంటికి కనిపించే చోటే వాడారు. అడుగు పలక మీద చారలు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. 18వ శతాబ్దం మొదట్లో చేసిన సొరుగుల్లో మామూలుగా ముందు నుంచి వెనక్కి పోతాయి. అంటే ఇది ఆ తర్వాతిది. ఇప్పుడు మూల చూడండి, పలకలు కలిసే చోట చీలికల్లాంటి పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగి ఉన్నాయి. డవ్‌టైల్ జాయింట్. ఒక పన్ను సన్నం, పక్కది లావు. ఇదుగో ఇక్కడ రంపం గీత హద్దు దాటి కాస్త ముందుకు పోయింది. చేత్తో కోసిన మనిషి ఆ రోజు తొందరలో ఉన్నాడు. మిషన్ కోసినవైతే అన్ని పళ్లూ అచ్చు గుద్దినట్టుంటాయి, అవి 19వ శతాబ్దం రెండో సగం నుంచి వచ్చాయి.

ఇంకా ఉంది. ముందు పలక లోపలి వైపు వేలు పెట్టి తడమండి. ఇప్పుడున్న ఇత్తడి పిడికి రెండు రంధ్రాలు చాలు. కానీ ఇక్కడ పూడ్చేసిన పెద్ద రంధ్రాలు రెండు, వాటి పక్కన చిన్నవి ఇంకో రెండు ఉన్నాయి. మొదట సన్నటి ఇత్తడి పిడులు ఉండేవి. విక్టోరియా కాలంలో ఎవరో వాటిని పీకేసి గుండ్రటి చెక్క పిడులు పెట్టారు, అప్పటి ఫ్యాషన్ అది. తర్వాత ఇంకెవరో 'పాతకాలపు లుక్' కోసం మళ్లీ ఇత్తడివి బిగించారు. ముందు నుంచి చూస్తే ఇదంతా కనపడదు. ఇది దోషం కాదండి. పిడులు మార్చిన బల్ల కొనవచ్చు. అవి మొదటివే అని చెప్పి అమ్మేవాడి దగ్గర మాత్రం కొనకూడదు.

గుండ్రటి బల్ల కొనేటప్పుడు జేబులో టేపు వేసుకెళ్లండి. చెక్క చారలకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా అంతగా పోదు. ఒకే చెక్కతో చేసిన బల్ల రెండువందల ఏళ్లకు కొంచెం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. రెండు వైపులా కొలత పూసగుద్దినట్టు సమానంగా ఉంటే కాస్త ఆలోచించండి. పురుగు రంధ్రాల సంగతీ అంతే. పురుగు చెక్క లోపల సొరంగం తవ్వి, బయటికి వచ్చేటప్పుడు గుండ్రటి రంధ్రం చేస్తుంది. పైనే కాలవల్లా పొడుగాటి గాళ్లు కనిపిస్తే, పురుగు పట్టిన పాత చెక్కను తర్వాత ఎవరో కోశారన్నమాట. రంధ్రాల కింద తెల్లటి తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే కాపురం ఉంది, ఇంటికి తేకండి.

ఈ మహాగని ఇంగ్లండ్ చెక్క కాదు. అంతకుముందు ఇక్కడ గొప్పవాళ్ల ఫర్నిచర్ వాల్‌నట్‌తో చేసేవారు. 1709 చలికాలంలో యూరప్‌లో వాల్‌నట్ చెట్లు విపరీతంగా చచ్చిపోయాయి. 1721లో పార్లమెంటు అమెరికా, వెస్టిండీస్ వలసల కలప మీద సుంకం ఎత్తేసింది. జమైకా నుంచి, తర్వాత క్యూబా, హోండురాస్ నుంచి మహాగని ఓడలు ఓడలుగా దిగింది. ఆ చెట్లు నరికి నదుల దాకా ఈడ్చింది బానిసలు. జార్జి రాజుల కాలం నాటి ఈ జార్జియన్ ఫర్నిచర్ నాకు ప్రాణం, కానీ ఆ మెరుపు గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట దాటేయడం నాకు నచ్చదు. మట్టి పాత్రల తయారీలో పేరుపడ్డ జోసయ్య వెడ్జ్‌వుడ్ 1787లో సంకెళ్లతో మోకరిల్లిన నల్లజాతి మనిషి బొమ్మతో చిన్న బిళ్లలు చేసి, బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించేవాళ్లకు ఊరికే పంచాడు. 'నేను మనిషిని కానా, సోదరుణ్ణి కానా' అని చుట్టూ రాసి ఉంటుంది. ఆడవాళ్లు వాటిని గాజుల్లో, తలపిన్నుల్లో పొదిగించుకున్నారు. మహాగని టీ బల్ల ముందు కూర్చున్న ఇల్లాలి చేతికి ఆ గాజు ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఫర్నిచర్ చేసినవాళ్లలో చిప్పెన్‌డేల్ పేరు మీరంతా వినే ఉంటారు. థామస్ చిప్పెన్‌డేల్ 1718లో యార్క్‌షైర్‌లోని ఓట్లీలో పుట్టాడు, లండన్‌లో సెయింట్ మార్టిన్స్ లేన్‌లో దుకాణం పెట్టాడు, 1754లో తన డిజైన్ల పుస్తకం అచ్చేశాడు. ఆ పుస్తకం చూసి దేశమంతా వడ్రంగులు కుర్చీలు చేశారు. ఆయన తన సరుకు మీద పేరు ముద్ర వేసేవాడు కాదు. ఫలానాది ఆయన దుకాణానిదే అని చెప్పాలంటే హేర్‌వుడ్ హౌస్ లాంటి బంగళాల్లో మిగిలిన బిల్లులే ఆధారం. కాబట్టి ఆక్షన్ కేటలాగులో 'చిప్పెన్‌డేల్ స్టైల్' అని ఉంటే అది 1760లో చేసిందీ కావచ్చు, 1920లో చేసిందీ కావచ్చు. లాంకాస్టర్‌లోని గిలోస్ అనే ఫర్నిచర్ కంపెనీ వాళ్లు మాత్రం 18వ శతాబ్దం చివరి నుంచి చాలావాటి మీద పేరు గుద్దారు. సొరుగు పై అంచు మీద చూడండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ధరల సంగతి. ఇక్కడ వ్యాపారులు 'బ్రౌన్ ఫర్నిచర్' అనే ఈ ముదురు చెక్క సామాను ధరలు గత పాతికేళ్లలో బాగా పడిపోయాయి. చిన్న ఇళ్లు, తెల్ల గోడలు, ఎవరికీ బరువైన బల్లలు అక్కర్లేదు. పల్లెటూరి ఆక్షన్లలో విక్టోరియన్ మహాగని బల్ల, పెట్టెలో పార్టులుగా వచ్చే కొత్త బల్ల కంటే చవగ్గా పోవడం చాలాసార్లు చూశాను. కొనదలచుకుంటే ఇదే అదను. కాకపోతే సుత్తి పడ్డ ధర మీద పాతిక శాతం దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే కమిషన్, ఆ కమిషన్ మీద వ్యాట్ ఉంటాయి. చెయ్యి ఎత్తే ముందే లెక్క వేసుకోండి. అన్నట్టు బల్లని ఇంటికి ఎలా తెస్తారో కూడా ఆలోచించండి, మా ఆవిడ ప్రతిసారీ అడిగే ప్రశ్న ఇదే.

ఇక మన ఊరు. ఇందాక చెప్పిన ఆ ఇత్తడి పిడులు 18వ శతాబ్దంలో ఎక్కువగా తయారయింది బర్మింగ్‌హామ్‌లోనే. ఇక్కడి ఇత్తడి పనివాళ్లు నమూనా పుస్తకాలు అచ్చేసి దేశమంతా పంపేవారు. బొత్తాలు, బకిల్సు, వెండి కొవ్వొత్తి సెమ్మెలు, అన్నీ ఇక్కడివే. ఆ ప్రపంచానికి పెద్ద మాథ్యూ బౌల్టన్. వెండి సామాను ముద్ర కోసం చెస్టర్ దాకా పంపాల్సి వస్తోందని లండన్‌లో పట్టుబట్టి, 1773లో ఇక్కడ అస్సే ఆఫీసు, అంటే వెండి నాణ్యత పరీక్షించి ముద్ర వేసే ఆఫీసు పెట్టించాడు. చెంచా వెనక సింహం, లంగరు, ఒక అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేసిన స్టెర్లింగ్ వెండి. అక్షరం బట్టి ఏ ఏడాదో పట్టికలో చూసుకోవచ్చు. సముద్రం లేని ఊరికి లంగరు ఎందుకు వచ్చిందంటే, బౌల్టన్ లండన్‌లో మంతనాలు జరిపిన సత్రం పేరు క్రౌన్ అండ్ యాంకర్ అని చెప్పుకుంటారు. కథ బాగుంది, నేను కాదనను.

మీలో సగం మంది బెండకాయలు, కరివేపాకు సోహో రోడ్‌లోనే కొంటారు. ఆ పక్కనే హ్యాండ్స్‌వర్త్‌లో బౌల్టన్ ఇల్లు సోహో హౌస్ ఇప్పుడు మ్యూజియం. ఆవిరి యంత్రంతో నాణేలు, పతకాలు గుద్దిన ఆయన సోహో మింట్ అక్కడే ఉండేది. ఇదుగో ఈ రాగి నాణెం చూడండి. ఒక వైపు ఈస్టిండియా కంపెనీ చిహ్నం, 'రూపాయికి 48' అని ఇంగ్లిష్‌లో. రెండో వైపు కంపెనీ మూటల మీద వేసే గుర్తు, 1794. ఇది గుద్దింది సోహోలో. వాడటానికి పంపింది ఉత్తర సర్కారులకి. అంటే శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, మచిలీపట్నం వైపు. మన తాతల తాతలు సంతలో ఉప్పు కొనుక్కున్న డబ్బులు ఈ వీధి నుంచి ఓడెక్కాయి. శ్రీరంగపట్నం పతనానికి కంపెనీ పంచిన పతకం కూడా ఇక్కడిదే. బ్రిటిష్ సింహం టిప్పు పులిని తొక్కుతున్న బొమ్మ, కింద 1799 మే 4 తేదీ. పెద్ద అధికారులకు బంగారం, మద్రాసు సిపాయిలకు సత్తు, అంటే తగరం లాంటి చవక లోహం. పల్చబడి, అంచు సొట్ట పోయిన సత్తు పతకం ఎప్పుడైనా దొరికితే, అది ఎవరి మెడలో వేలాడిందో ఒక్కసారి ఊహించండి.

సత్తు అంటే గుర్తొచ్చింది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం తర్వాత ప్రభుత్వం నావికులకు పతకాలు ఇవ్వలేదు. బౌల్టన్ సొంత డబ్బుతో చేయించి ఇచ్చాడు. అడ్మిరల్స్‌కి బంగారం, కెప్టెన్లకు వెండి, మామూలు నావికులకు సత్తు. మనవాళ్లయినా ఊరుకుంటారా, ప్రాణాలకు తెగించి పోరాడితే సత్తు బిళ్లా అని కొందరు సముద్రంలోకి విసిరేశారని చెబుతారు.

ఫర్నిచర్ వెనక భాగం నిజం చెబుతుందన్నాను. పతకాల విషయంలో రెండు వైపులా అబద్ధం ఉండొచ్చు, జాగ్రత్త. 1739లో ఇంగ్లిష్ అడ్మిరల్ వెర్నన్ స్పెయిన్ వాళ్ల పోర్టో బెల్లో రేవుని పట్టుకున్నాడు. 'ఆరు ఓడలతోనే' అని గొప్పగా రాసిన చవక ఇత్తడి పతకాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. లండన్‌లో పాత సామాను కోసం మనం వెళ్లే పోర్టోబెల్లో రోడ్డు పేరు కూడా ఆ గెలుపు నుంచే. 1741లో అదే వెర్నన్ దక్షిణ అమెరికాలో స్పెయిన్ వాళ్ల కార్టహేనా రేవు మీదికి వెళ్లాడు. ఈసారి గెలుపు ఖాయమనుకుని ముందే పతకాలు గుద్దేశారు. స్పెయిన్ సేనాని బ్లాస్ డె లేసో మోకరిల్లి కత్తి అప్పగిస్తున్నట్టు, 'స్పెయిన్ గర్వం అణిగింది' అని. నిజానికి ఓడిపోయి, రోగాలతో వేలమందిని పోగొట్టుకుని వెనుదిరిగింది ఇంగ్లిష్ వాళ్లే. ఆ లేసోకి అప్పటికే ఒక కాలూ ఒక కన్నూ లేవు. ఈ పతకాలు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. నాకైతే నిజమైన విజయ పతకాల కంటే ఇవే ఎక్కువ ఇష్టం.

ఆలస్యం విషయంలో రికార్డు మాత్రం పతకాల అచ్చులు చెక్కే పిస్ట్రూచీది. నెపోలియన్‌ను ఓడించిన వాటర్లూ విజయానికి పెద్ద పతకం చేయమని 1819లో అప్పగిస్తే, అచ్చులు 1849లో ఇచ్చాడు. అది ముట్టాల్సినవాళ్లలో రాజులు ఒక్కరూ మిగల్లేదు, ఆ యుద్ధం నడిపిన సేనాని డ్యూక్ ఆఫ్ వెలింగ్టన్ ఒక్కడే బతికున్నాడు. అచ్చు మరీ పెద్దది కావడంతో గట్టిపరిస్తే పగులుతుందేమోనన్న భయంతో ఆ పతకాన్ని అసలు గుద్దనే లేదు. ఉన్నవన్నీ తర్వాత తీసిన నకళ్లే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 1887, 1897 విక్టోరియా జూబ్లీ పతకాలు మంచివి. ఊరూరా బడిపిల్లలకు పంచినవి, పైన చిన్న రింగుతో, ఇప్పటికీ చవగ్గానే వస్తాయి.

కొన్నాక చేయాల్సింది తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. పతకం ఇంటికి తెచ్చిన రోజే అమ్మ చింతపండు నానబెడుతుంది. వద్దని చెప్పండి. ఆ గోధుమ రంగు పొర తోమితే పతకం మెరుస్తుంది, విలువ పోతుంది. పట్టుకునేటప్పుడు అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు. పాత కుర్చీ కాలు వదులైతే ఫెవికాల్ పోయకండి. అప్పట్లో వాడింది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు, తేమతో వేడి చేస్తే ఊడి వస్తుంది, మళ్లీ అతికించవచ్చు. ఫెవికాల్ పట్టిన చోట తర్వాత చెక్క విరిగి వస్తుంది. హీటర్ పక్కన బల్ల పెట్టకండి, పైన అతికించిన పల్చటి పలక లేచిపోతుంది.

చివరిగా విశాఖపట్నం వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. 18వ శతాబ్దంలో కంపెనీ దొరల కోసం అక్కడి పనివాళ్లు ఇంగ్లిష్ ఆకారంలో కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేసి ఏనుగు దంతంతో పువ్వులు పొదిగేవారు. మద్రాసు గవర్నర్‌గా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ చనిపోయాక 1781లో ఆయన సామాను వేలం వేస్తే, అందులోని దంతపు కుర్చీలను మూడో జార్జి రాజు తన రాణి కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. అలాంటి పెట్టెలు ఇక్కడి ఆక్షన్లలో కనిపిస్తాయి, మన ఊరిది కదా అని మనసు లాగుతుంది. కానీ 2018లో చేసిన ఐవరీ చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. దంతం ఉన్న వస్తువు అమ్మాలన్నా కొనాలన్నా దానికి మినహాయింపు ఉండాలి. 1947కి ముందుది, దంతం పది శాతం లోపు ఉంటే రిజిస్టర్ చేయించి అమ్మవచ్చు. విశాఖ పెట్టెల్లో దంతం ఎంతుందో లెక్క కట్టించుకోవాలి, పెట్టె అంతా దంతపు రేకులే ఉన్నవాటికి వేరే అనుమతి కావాలి. ఇంట్లో ఉన్నది ఉంచుకోవచ్చు, పిల్లలకు ఇవ్వచ్చు. ఇండియాకు మాత్రం పట్టుకెళ్లకండి, అక్కడి వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది. అలాగే ఇండియాలో నూరేళ్లు దాటిన నాణేలు, పతకాలు దొరికాయని సూట్‌కేసులో వేసుకుని ఇక్కడికి రాకండి, 1972 చట్టం ప్రకారం అవి దేశం దాటకూడదు.

నాణెం ముందు వరస నుంచి పంపిస్తున్నాను, అంచు పట్టుకుని చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. సొరుగు ఇక్కడే ఉంటుంది, లోపల చెయ్యి పెట్టి రంధ్రాలు వెతుక్కోవచ్చు. ప్రశ్నలుంటే అడగండి.