సెల్లార్‌లో పోయిన సైకిల్: ఫిర్యాదులో ఏం రాయాలి?

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఈ వారం విషయం చిన్నదిగానే కనిపిస్తుంది గాని, పటమట, మొగల్రాజపురం, సత్యనారాయణపురం వంటి పేటల్లో ఏ అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో కూర్చున్నా ఎవరో ఒకరు ఎత్తే మాటే ఇది: సెల్లార్‌లో పెట్టిన సైకిల్ పోయింది. విజయవాడ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తూ, తాము నివసించే అపార్ట్‌మెంటుకు కార్యదర్శిగా కూడా ఉన్న న్యాయవాది ఒకరు మనతో ఉన్నారు. లాయరు గారూ, సైకిల్ పోయిందని స్టేషన్ మెట్లు ఎక్కేవారు ఉంటారంటారా?

అతిథి: తక్కువేనమ్మా. దానికి ధర ఒక్కటే కారణం కాదు, పోయిన సంగతి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. మన సెల్లార్లను ఒకసారి గమనించండి. జనరేటరు వెనకనో, మోటారు గది గోడ వెంబడో సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. సగం వాటికి గాలి ఉండదు, సీటు చిరిగి స్పాంజి బయటికి వచ్చి ఉంటుంది. ఇంటర్ ముగించి ఊరు విడిచిన పిల్లవాడిది ఒకటైతే, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన అద్దెవారిది మరొకటి. ఆ గుట్టలోంచి మొన్న కొన్న గేర్ల సైకిల్ మాయమైనా, దాని యజమానికి తప్ప దారిన పోయే ఎవరికీ తేడా తెలియదు.

వ్యాఖ్యాత: సీసీ కెమెరాలు ఉన్నాయి కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు.

అతిథి: కెమెరాలు గేటు వైపు, కార్ల వైపు చూస్తాయి గాని, ఆ మూల వైపు చూసేవి అరుదు. పైగా కెమెరా దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలో డిస్కు నిండిన తరువాత పాత దృశ్యాలు చెరిగి, వాటి స్థానంలో కొత్తవి రికార్డవుతాయి. సంక్రాంతికి ఊరు వెళ్ళి, కనుమ దాటాక తీరికగా తిరిగివచ్చి, మరి కొన్నాళ్ళకు గాని సైకిల్ సంగతి గుర్తు రాని కుటుంబానికి కావలసిన రాత్రి దృశ్యం అప్పటికి మిగలకపోవచ్చు. అందుచేత తెలిసిన రోజునే కాపీ తీయించి పెట్టుకోవాలి. ఆ కాపీ కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కూడా జతపరచాలి. ఈ సంగతి తెలియక ఫోనులో టీవీ తెరను వీడియో తీసుకుని వచ్చేవారే ఎక్కువ.

వ్యాఖ్యాత: సరే, స్టేషన్‌కు వెళ్ళాము. అక్కడ ‘నాలుగు వేల సైకిల్‌కు కేసు ఏమిటండీ’ అంటే?

అతిథి: అసలు చిక్కు అక్కడే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నేరాలకు శిక్షలు చెప్పే చట్టం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో మామూలు దొంగతనానికి 303వ సెక్షన్ వర్తిస్తుంది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు ఆ సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, అతనికి సమాజ సేవ శిక్షగా విధిస్తారు. ఆ విలువ లోపు దొంగతనాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి కూడా వీలు లేదు. అందువల్ల, వాడిన పిల్లల సైకిల్ పోయిందని అంటే స్టేషన్‌లో ఉత్సాహం చూపకపోవడంలో వింత లేదు. అయితే 305వ సెక్షన్ వేరు. మనుషులు నివసించే కట్టడంలో గాని, సొత్తు భద్రపరచే కట్టడంలో గాని జరిగిన దొంగతనానికి అది 7 ఏళ్ళ వరకు జైలు, జరిమానా విధిస్తుంది, అక్కడ సొత్తు విలువ ఎంత అనే ప్రశ్నే రాదు. గోడలు, గేటు, వాచ్‌మన్ గది ఉన్న సెల్లార్ ఆ భవనంలో భాగమే గాని వీధి కాదు. మనవాళ్ళు మాత్రం ‘అపార్ట్‌మెంటు దగ్గర పెట్టిన సైకిల్ కనిపించడం లేదు’ అని రెండు ముక్కలు రాసి ఇచ్చి వస్తారు. ‘నేను నివసిస్తున్న ఫలానా భవనం సెల్లార్‌లో, గేటు లోపల, తాళం వేసి ఉంచిన సైకిల్‌ను దొంగిలించారు’ అని రాస్తే ఆ కాగితం బరువే మారిపోతుంది.

వ్యాఖ్యాత: భవనం కింద స్తంభాల మధ్య తెరిచి ఉండే, గేటు లేని స్టిల్ట్ పార్కింగ్ అయితే?

అతిథి: అక్కడ వాదన కొంత బలహీనపడుతుంది, కాదనను. ఫిర్యాదు మాత్రం రాతపూర్వకంగానే ఇవ్వండి. ఎఫ్.ఐ.ఆర్. నమోదైతే దాని ప్రతి ఉచితంగా ఇవ్వవలసిందే.

వ్యాఖ్యాత: మోటారు సైకిల్‌కైతే ఆర్.సి. ఉంటుంది. సైకిల్ నాదేనని దేనితో నిరూపించాలి?

అతిథి: సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ళ ఇరుసు దూరే గొట్టం అడుగున గుడ్డతో మట్టి తుడిచి చూడండి. చాలా సైకిళ్ళకు అక్కడ అచ్చు గుద్దిన అంకెలు కనిపిస్తాయి. అక్కడ లేకపోతే సీటు కింది గొట్టం మీద చూడవచ్చు. అదే ఫ్రేమ్ నంబరు. రంగు మార్చినా, చక్రాలు విప్పి వేరే బండికి తగిలించినా ఆ అంకెలు పోవు. వాటిని ఫోటో తీసి, బిల్లుతో పాటు దాచుకోవాలి. పోలీసులు ఎక్కడో నాలుగు సైకిళ్ళు పట్టుకున్నప్పుడు, మీది మీకు ఇప్పించమని మేజిస్ట్రేటు వద్ద దరఖాస్తు పెట్టుకోవడానికి ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. ‘ఎరుపు రంగు, ముందు బుట్ట ఉంటుంది’ అంటే ఎవరు నమ్ముతారమ్మా?

వ్యాఖ్యాత: అనుమానం మాత్రం మొదట వాచ్‌మన్ మీదకే పోతుంది.

అతిథి: అది నాకు బొత్తిగా నచ్చని అలవాటు. పగలంతా నీళ్ళ మోటారు, కార్లు తుడవడం, అందరి ఇళ్ళకూ సరుకులు మోయడం అతని చేతనే చేయించుకుని, రాత్రి కూడా కన్ను మూయకూడదని అనుకోవడం అన్యాయం. మీరు కళ్ళారా చూసింది ఏమైనా ఉంటే తప్ప ఫిర్యాదులో అతని పేరు రాయకండి. దానికన్నా సంఘం తరఫున గోడకు రెండు ఇనుప కడ్డీలు సిమెంటుతో బిగించడం మేలు. సన్నని కేబుల్ తాళాన్ని కటింగ్ ప్లేయర్‌తో కొరికేయవచ్చు. మందపు గొలుసునో, యు ఆకారపు తాళాన్నో ఫ్రేమ్‌లోంచి, వెనక చక్రంలోంచి పోనిచ్చి కడ్డీకి వేస్తే దొంగ మరో సెల్లార్ చూసుకుంటాడు. చక్రానికి మాత్రమే తాళం వేస్తే, సైకిల్‌ను అలాగే భుజాన వేసుకుని పోతాడు.

వ్యాఖ్యాత: ఆ పాత సైకిళ్ళ గుట్టను ఏం చేయమంటారు? పాత ఇనుము కొట్టుకు వేసేద్దామని మా సమావేశంలో ఒకరు అన్నారు.

అతిథి: తొందరపడి వేశారో, దొంగతనం చేసింది సంఘమే అవుతుంది! ముందు ప్రతి సైకిల్‌కూ ఫ్లాటు నంబరు రాసిన చీటీ కట్టించండి. చీటీ లేనివాటి ఫోటోలు నోటీసు బోర్డులోనూ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టి, ఇల్లు ఖాళీ చేసినవారికి యజమానుల ద్వారా కబురు చేసి, ఒక నెల గడువు ఇవ్వండి. ఆ తరువాత సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టించి, అమ్మగా వచ్చిన సొమ్మును సంఘం ఖాతాలో జమ చేయండి. ఇంత చేసినా, అమ్మిన మర్నాడు ఎవరో ఒకరు నా సైకిల్ ఏదని రాకపోరు. ఆ పుస్తకం తెరిచి చూపించండి.