కొడుకుని రెండుసార్లు తిరిగి తెచ్చుకున్న తల్లి

శ్రోతలందరికీ నమస్కారం.

మన టౌన్లలో ఏ పేటకి వెళ్ళినా మాంటిస్సోరి స్కూల్ అని ఒక బోర్డు కనిపిస్తుంది కదండీ. చాలామంది అదేదో చిన్నపిల్లల బడికి పెట్టుకునే పేరు అనుకుంటారు గానీ అది ఒక మనిషి ఇంటిపేరు. మరియా మాంటిస్సోరి. డాక్టరు, టీచరు, రచయిత్రి, అన్నిటికన్నా ముందు ఒక తల్లి. ఇవాళ ఆ తల్లి గురించే చెప్పాలని వచ్చాను.

ఆవిడ ఇటలీలో, కియరవల్లె అనే ఊళ్ళో 1870 ఆగస్టు 31న పుట్టారు. ఆ ఆగస్టు 31 కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను. రోమ్‌లో మెడిసిన్ చదివారు, ఆ రోజుల్లో ఆడపిల్లలు డాక్టరీ చదవడమే చాలా అరుదు, శవాన్ని కోసి చూసే క్లాసులో మగపిల్లల మధ్య ఆడపిల్ల నిలబడకూడదని అంటే అందరూ వెళ్ళిపోయాక ఆవిడ ఒక్కతే వెళ్ళి ఆ పని చేసుకునేవారట. ఒక్కతే. 1896లో డాక్టరయ్యారు.

ఆ తర్వాత తోటి డాక్టరు ఒకాయనతో ప్రేమ. 1898లో కొడుకు పుట్టాడు, మారియో. పెళ్ళి కాలేదు. పెళ్ళి చేసుకుంటే డాక్టరీ మానుకోవాలి, చేసుకోకుండా బిడ్డని ఎత్తుకుంటే లోకం ఊరుకోదు. బిడ్డని రోమ్ బయట పల్లెలో ఒక కుటుంబానికి పెంచమని ఇచ్చేశారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసొచ్చేవారు, కానీ నేను మీ అమ్మని అని చెప్పలేదు. ఆవిడ పిల్లల గురించి పుస్తకాలు రాస్తున్నారు, దేశదేశాల టీచర్లు వచ్చి ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నారు, సొంత బిడ్డ మాత్రం వేరే ఇంట్లో పెరుగుతున్నాడు. దీన్ని పట్టుకుని ఆవిడని తప్పుపట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే మనసు రాదు. ఆ రోజుల్లో ఆవిడ ముందున్న దారులేంటో చూస్తే ఏ దారిలో వెళ్ళినా ఏదో ఒకటి పోగొట్టుకోవాల్సిందే.

1912 చివర్లో ఆవిడ తల్లి చనిపోయారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, పిల్లాడికి పదిహేనేళ్ళప్పుడు, ఆవిడ చూడ్డానికి వెళ్తే నువ్వే మా అమ్మవని నాకు తెలుసు అని వాడే అన్నాడని, అప్పటికప్పుడు ఆవిడ వెంట వెళ్ళిపోయాడని చెబుతారు. అదీ మొదటిసారి. అప్పుడు కూడా లోకానికి కొడుకని చెప్పలేదు, మేనల్లుడనో పెంచుకున్న పిల్లాడనో చెప్పుకున్నారు. కానీ అక్కణ్ణించి జీవితాంతం మారియో ఆవిడ పక్కనే ఉన్నాడు.

ఇక ఆవిడ తిరిగిన దేశాలు చెప్పుకుంటూ పోతే టైము చాలదు. అమెరికా, స్పెయిన్, ఇంగ్లండ్, హాలండ్. ఇటలీలో ముస్సోలినీ మొదట మెచ్చుకున్నాడు, తర్వాత ఇద్దరికీ చెడింది, 1934లో ఆవిడ దేశం వదిలేశారు. స్పెయిన్‌లో స్థిరపడ్డారనుకుంటే 1936లో అక్కడ అంతర్యుద్ధం, మళ్ళీ మూటాముల్లె సర్దుకోవడం. ఎక్కడికెళ్ళినా వెనకాలే యుద్ధం. ఆవిడ మాత్రం వెళ్ళిన ప్రతిచోటా టీచర్లకి క్లాసు పెట్టారు.

1939లో మద్రాసు అడయారు నుంచి దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) అధ్యక్షులు అరుండేల్ గారు, ఆయన భార్య రుక్మిణీదేవి గారు రమ్మని పిలిచారు. ఆవిడకి అప్పుడు 69 ఏళ్ళు. ఆ వయసులో, పైగా యూరప్‌లో యుద్ధం మొదలైపోయాక, మనవల్ని హాలండ్‌లో వదిలి, ఆ రోజుల్లో విమానం ఎక్కి, ఎన్నడూ చూడని దేశానికి బయల్దేరడం అంటే ఎంత గుండె కావాలండీ! కొన్ని నెలలుండి పోదామనుకున్నారు, 1946 దాకా ఉండిపోయారు. అప్పుడు మద్రాసంటే మనకీ రాజధానే. అక్కడ తాటాకు పాకల్లో, సుమారు మూడొందలమంది టీచర్లకి మొదటి కోర్సు. ఆవిడ ఇటాలియన్‌లో చెబితే పక్కన నిలబడి మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. తల్లి మాట, కొడుకు గొంతు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. అంతే, బ్రిటిష్ సర్కారు లెక్కలో ఈ తల్లీకొడుకులు శత్రుదేశస్తులైపోయారు. ఆవిడ్ని అడయారు దాటి వెళ్ళొద్దన్నారు. మారియోని పట్టుకెళ్ళి అహ్మద్‌నగర్ నిర్బంధ క్యాంపులో పెట్టారు. ఆలోచించండి, పదిహేనేళ్ళు దూరంగా ఉంచుకున్న కొడుకు, పాతికేళ్ళకి పైగా చెయ్యి వదలని కొడుకు, భాష రాని దేశంలో ఆవిడకి గొంతైన కొడుకు, మళ్ళీ దూరమయ్యాడు. దేశమంతటా ఆవిడ అభిమానులు సర్కారుకి విన్నపాలు పెట్టారు. జూన్ పోయింది, జూలై పోయింది.

ఆగస్టు 31 వచ్చింది. ఆవిడకి డెబ్భై ఏళ్ళు నిండే రోజు. వైస్రాయ్ దగ్గర్నించి టెలిగ్రామ్ వచ్చింది. మీ డెబ్భయ్యో పుట్టినరోజుకి ఏం కానుక ఇవ్వాలా అని చాలా ఆలోచించాం, మీ కొడుకుని మీకు పంపించడం కన్నా మంచి కానుక తోచలేదు, అని అందులో సారాంశం. మీ కొడుకు! నలభై రెండేళ్ళు ఆవిడ లోకం ముందు అనలేకపోయిన ఆ మాటని ఎక్కడో ఢిల్లీ సర్కారు కాగితం మీద రాసి పంపింది. కొడుకు తిరిగొచ్చాడు. ఇది రెండోసారి. 1952లో హాలండ్‌లో కన్నుమూసే నాటికి వీలునామాలో ఆవిడే స్వయంగా నా కొడుకు అని రాసిపెట్టారు.

ఆవిడ విత్తనం మన దగ్గరా మొలిచింది, విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు 1955లో మాంటిస్సోరి స్కూల్ పెట్టారు. అయితే ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, బోర్డు చూసి మాత్రం నమ్మకండి, లోపలికెళ్ళి పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి.

ఏం చూడాలంటే, ఆవిడ రాసిందే ఒకటి చెబుతాను. 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో అనే బీదవాళ్ళ పేటలో ఆవిడ పిల్లల ఇల్లు అనే బడి తెరిచారు. అక్కడ మూడేళ్ళ పాప చెక్కదిమ్మలో గుండ్రటి కొయ్యముక్కలు ఏ సైజుది ఆ కన్నంలో పెడుతోంది. పెడుతోంది, తీస్తోంది, మళ్ళీ పెడుతోంది. ఆవిడ మిగతా పిల్లల్ని పాట పాడమన్నారు, పాప తలెత్తలేదు. కుర్చీతో సహా పాపని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు, ముక్కలు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. నలభైసార్లకి పైగా చేసి, తనంతట తనే ఆపి, హాయిగా నిద్రలేచినట్టు నవ్వుతూ చుట్టూ చూసిందట. చిన్నపిల్లలకి నిలకడ ఉండదు అన్న మాట ఆ రోజుతో తప్పని తేలిపోయింది.

మనం ఇంట్లో ఏం చేస్తున్నాం? పిల్లాడు బియ్యం గ్లాసులోంచి గిన్నెలోకి పోసుకుంటూ మునిగిపోయి ఉంటే, ఒరేయ్ ఒలికిపోతాయి అంటాం, లేకపోతే వెరీ గుడ్ నాన్నా అంటాం. రెండూ వద్దు. మెచ్చుకోలు కూడా ఆ ధ్యాసని చెడగొడుతుందనే ఆవిడ చెప్పింది. ఇవాళ సాయంత్రం మీ ఇంట్లో పాపాయి దేంట్లోనైనా అలా లీనమై కనిపిస్తే పిలవకండి, ఫోటో తియ్యకండి, సాయం చెయ్యకండి, వాళ్ళంతట వాళ్ళు తలెత్తేదాకా ఆగండి, అన్నం ఓ పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు.

సెలవు.