వేడి గదిలో సాగిందంతా మనది కాదు | హాట్ యోగాకి మళ్ళీ వెళ్తున్నవాళ్ళ కోసం

నమస్తే అండీ. ఎనిమిది నెలల గ్యాప్ తర్వాత హాట్ యోగా మళ్ళీ మొదలుపెట్టాను. ఇది ఐదో వారం. ఇన్ని రోజుల్లో కనీసం నలుగురు నాతో ఒకటే మాట అన్నారు: "గది వేడిగా ఉంటుందిగా, ఒళ్ళు ఇట్టే సాగుతుంది, కష్టమైన ఆసనాలు కూడా వచ్చేస్తాయి." ఆ మాట వింటే నాకు నిజంగా భయం వేస్తుంది. ఒకప్పుడు నేనూ అదే నమ్మి, తొడ వెనక కండరం లాగేసుకుని, మూడు నెలలు కారు సీట్లో సరిగ్గా కూర్చోలేకపోయాను.

తిరునాళ్ళలో జీళ్ళు చేయడం చూశారా? బెల్లం పాకం ముదరబెట్టి, వేడి మీదే మేకుకి తగిలించి లాగుతారు. లాగడం, మడవడం, మళ్ళీ లాగడం. వేడి ఉన్నంతసేపు మూరెడు మూరెడు సాగుతుంది. అదే పాకాన్ని చల్లారాక లాగి చూడండి, టప్‌మని విరుగుతుంది. ఇందాక దాన్ని సాగనిచ్చింది వేడి.

[స్క్రీన్ మీద: 105 ఫారెన్‌హీట్ | 40 శాతం తేమ | 90 నిమిషాలు]

నేను చేసేది 26 ఆసనాలు, 2 శ్వాస వ్యాయామాల వరస. కలకత్తాలో యోగా గురువు బిష్ణు చరణ్ ఘోష్ దగ్గర నేర్చుకున్న బిక్రమ్ చౌదరి 1970లలో దీన్ని అమెరికాకి తెచ్చారు. ఈ వరస మీద కాపీరైట్ చెల్లదని 2015లో అక్కడి అప్పీల్ కోర్టు చెప్పింది. మంచి తీర్పు. ఆసనాల వరస ఒకరి సొత్తు ఎలా అవుతుంది? ఆయన మీద లైంగిక వేధింపుల కేసులు వచ్చాక చాలా స్టూడియోలు 'బిక్రమ్ యోగా' అన్న పేరే తీసేశాయి. అదీ మంచిదే.

సరే, గ్యాప్ తర్వాత ముందు తిరిగి రావాల్సింది వేడిని తట్టుకునే శక్తి. ఆ గదిలో గుండె ఒకేసారి రెండు పనులు చేయాలి: కండరాలకి రక్తం పంపాలి, ఒంటిని చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. రోజూ వేడిలో కసరత్తు చేస్తే ఇంచుమించు 10 నుంచి 14 రోజుల్లో శరీరం సర్దుకుంటుంది. రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మానేస్తే కొన్ని వారాల్లోనే ఇదంతా పోతుంది. వారానికి మూడు క్లాసులే వెళ్ళేవాళ్ళకి ఇంకాస్త టైమ్ పడుతుంది. కాబట్టి మొదట్లో ఆసనం బాగా రాలేదని టెన్షన్ వద్దు. పాకం ముదరకుండా మేకుకి తగిలిస్తే కారిపోతుంది.

ఇక నన్ను దెబ్బ తీసిన ఆసనం: దండాయమాన జానుశీర్షాసనం. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ముందుకి చాపి, నుదురు మోకాలికి ఆనించాలి.

[క్లోజప్: పాదం కింద పెనవేసిన పది చేతివేళ్ళు]

ఇక్కడ చూడండి. చెమటకి వేళ్ళు జారుతుంటాయి. జారుతున్నాయని మనం ఇంకా గట్టిగా లాగుతాం. వేడికి కండరం సాగిపోతుంది, నొప్పి తెలియదు. కానీ ఆ లాగుడంతా వెళ్ళి పిరుదు కింద, కూర్చునే ఎముకకి స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టిపెట్టే గట్టి పట్టీ) అతుక్కునే చోట పడుతుంది. కండరం బలపడినంత తొందరగా స్నాయువు బలపడదు. ఇంటికొచ్చి, ఒళ్ళు చల్లారాక అప్పుడు తెలుస్తుంది నొప్పి.

అందుకే నా లెక్క ఒకటే: నిలబడిన కాలు 60 సెకన్లు కదలకుండా ఉంటేనే రెండో కాలు చాపాలి. చాపిన కాలు నిటారుగా నిలిస్తేనే మోచేతులు కిందికి దించాలి. తల వంచడం అన్నిటికన్నా చివర. "మోకాలు లాక్ చేయండి" అని టీచర్లు అంటారు. అంటే మోకాలిని వెనక్కి నెట్టడం కాదండీ, తొడ ముందు కండరాన్ని బిగించడం. ఈ ఒక్క ముక్క నాకు మొదటిరోజే ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే ఎంత బావుండేదో! ఇంట్లో, మామూలు గదిలో కూడా ఇదే ఆసనం చేసి చూడండి. చల్లారిన పాకం ఎంత సాగితే అంతే మన సొంతం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. చెమటతో విషాలన్నీ పోతాయన్నది నిజం కాదు, ఆ పని కాలేయం, కిడ్నీలు చేస్తాయి. చెమటంటే నీళ్ళు, ఉప్పు. అవి పోతాయి కాబట్టి క్లాసుకి రెండు గంటల ముందే నీళ్ళు తాగండి, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కళ్ళు తిరిగితే మ్యాట్ మీద కూర్చోండి, తగ్గకపోతే గది బయటికి వచ్చేయండి. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వెళ్ళొద్దు. ధనురాసనం గురించి వచ్చే వీడియోలో.

ఈ శనివారం నాకు పదిహేనో క్లాసు. ఎడమకాలి మీద 40 సెకన్ల దాకా వచ్చాను. రెండో కాలు ఇంకా చాపలేదు.