నల్ల సూర్యుడు సూర్య యంత్రం కాదు

[తెర మీద: బరంపురం బడా బజార్. చిన్న ప్రింటింగ్ షాపు షట్టర్ పైకి లేస్తుంది.]

నమస్కారం. ఒడిశాలో బరంపురంలో మాకు టీషర్టులు ప్రింట్ చేసే షాపు ఉంది. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, దగ్గర పడితే ఆర్డర్లతో ఊపిరి సలపదు. పోయిన యాత్రకి మా వీధి కుర్రాడు ఒకడు వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. "అక్కా, ఈ సూర్య యంత్రం ఇరవై టీషర్టుల మీద వెయ్యాలి. వీపు మీద పెద్దగా రావాలి."

[తెర మీద: తెల్ల కాగితం మీద చేత్తో గీస్తున్న చక్రం.]

చూడండి. మధ్యలో చిన్న వృత్తం, చుట్టూ పెద్ద వృత్తం. రెండిటినీ కలుపుతూ, బండి చక్రానికి ఉన్నట్టు, పన్నెండు ఆకులు. ప్రతి ఆకూ మెరుపులా వంకర తిరిగి ఉంటుంది. మొదటిసారి చూస్తే ఎవరైనా యంత్రం అనే అనుకుంటారు. నేను వెయ్యనన్నాను. "సూర్యుడే కదా అక్కా!" అని వాడికి కోపం వచ్చింది. అప్పుడు షాపు నిండా జనం, సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ వీడియో.

ఈ బొమ్మ జర్మనీలో వేవెల్స్‌బర్గ్ అనే కోటలో ఒక హాలు నేల మీద ఉంది. హిట్లర్ ఎస్.ఎస్. దళానికి పెద్ద అయిన హిమ్లర్ 1934లో ఆ కోటను లీజుకు తీసుకున్నాడు. దాన్ని తన దళానికి గుడిలా మార్చాలని వాడి ఆశ. కోట పనుల కోసం పక్కనే ఖైదీల క్యాంపు పెట్టారు. అందులోకి దాదాపు 3,900 మందిని తెచ్చారు. కనీసం 1,285 మంది ప్రాణాలు పోయాయి. ఈ బొమ్మకి "నల్ల సూర్యుడు" అన్న పేరు రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఎప్పుడో అంటుకుంది. వేల ఏళ్ల నాటి గుర్తు అని గ్రూపుల్లో చెప్పే మాట నిజం కాదు.

ఆ వంకర ఆకుల సంగతి ఇంకా ఉంది. ఉత్తర యూరప్‌లో పూర్వం రాళ్ల మీద, చెక్క మీద చెక్కిన అక్షరాలను రూన్లు అంటారు. అందులో 'స' శబ్దానికి ఉన్న అక్షరం పేరుకి అర్థం సూర్యుడు. ఆస్ట్రియాలో గీడో ఫాన్ లిస్ట్ అనే ఆయనకు 1902లో కంటి ఆపరేషన్ అయి, నెలల తరబడి చూపు లేకుండా ఉన్నాడు. ఆ చీకట్లో తనకు పద్దెనిమిది రూన్ల రహస్యం తెలిసిందన్నాడు. 1908లో పుస్తకం వేశాడు. అందులో సూర్యుడి అక్షరం "విజయం" అయిపోయింది. ఎస్.ఎస్. కాలర్ మీద జంట మెరుపులు ఆ అక్షరమే. ఒక మనిషి ఊహని తాతల నాటి జ్ఞానం అని అమ్మారు.

1918లో మ్యూనిక్‌లో తూలే సొసైటీ అనే రహస్య సంఘం ఇలాంటి ఊహలనే పోగుచేసింది. దాని చుట్టూ తిరిగిన మనుషుల్లోంచే మరుసటి ఏడాది చిన్న పార్టీ పుట్టింది, హిట్లర్ అందులో చేరాడు. అదే తర్వాత నాజీ పార్టీ అయింది. మన గడపకు పసుపుతో వేసే స్వస్తిక్‌ని 1920లో జెండా మీదకి ఎక్కించారు. అధికారం వచ్చాక రహస్య సంఘాలను వాళ్లే మూయించారు, జ్యోతిష్కులను పట్టి లోపలేశారు. నాజీలంతా మంత్రగాళ్లు అనడం కూడా తప్పే.

[తెర మీద: కలకత్తా పాత వీధులు.]

ఇక మన పిల్లలు పడిపోయేది ఇక్కడ. ఫ్రాన్స్‌లో లియాన్‌లో 1905లో పుట్టిన మాక్సిమియాని పోర్టాస్ 1932లో ఇండియా వచ్చి, సావిత్రీ దేవి అని పేరు మార్చుకుంది. కలకత్తాలో కాపురం పెట్టింది. 1958లో ఆమె పుస్తకం హిట్లర్‌ని కల్కికి ముందు వచ్చినవాడిగా చూపించింది. కలియుగం, అవతారం, కల్కి... మాటలన్నీ మన ఇంట్లోవి. అవి వినగానే "ఇది మనదే" అనిపిస్తుంది. ఆ మాటల్లో చుట్టి ఇచ్చింది మాత్రం యూదుల మీద ద్వేషం. మా కుర్రాడికి ఆ బొమ్మ పంపిన గ్రూపులో కూడా కలియుగం గురించే పోస్టులు.

మనుషులు దీనికి ఎందుకు లొంగుతారు? రాయగడ, గజపతి వైపు పల్లెలు తెలిసినవాళ్లకు చిల్లంగి, అంటే చేతబడి, గురించి చెప్పక్కర్లేదు. బిడ్డకు జ్వరం తగ్గకపోతే ఎవరో పెట్టారంటారు, వేలు ఒక ముసలామె మీదకి తిరుగుతుంది. మంత్రగత్తె అని ఆమెను చంపేసిన సంగతులూ ఉన్నాయి. ఆ చావులు ఆపడానికే ఒడిశా 2013లో చట్టం చేసింది. కంటికి కనిపించని శక్తి, దాని వెనుక ఒక శత్రువు. నాజీల దగ్గరా ఇదే పద్ధతి. కాకపోతే ఒక ముసలామె బదులు ఒక జాతి మొత్తం. 2019లో న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు, 2022లో అమెరికాలో బఫెలోలో 10 మంది నల్లజాతివాళ్లను చంపినవాడు, ఇద్దరూ తమ రాతల మీద పెట్టుకున్నది ఈ చక్రమే.

పాత దేవుళ్లను కొలిచేవాళ్లందరినీ ఇందులో కలపకండి. ఐస్‌లాండ్‌లో 1972లో పాత నార్స్ దేవతల కోసం మొదలైన సంఘం అందరినీ చేర్చుకుంటుంది. ఎవరి దగ్గరైనా నేను చూసేది ఒక్కటే: గుమ్మం దగ్గరే నీది ఏ జాతి, ఏ రక్తం అని అడుగుతున్నారా?

మన బుఢీ ఠాకురాణిని చూడండి. నేతపని మీద ఇక్కడికి వచ్చిన తెలుగు దేరా వాళ్ల ఆడపడుచు ఆమె. యాత్రకి ఆ దేరా వాళ్ల పెద్ద అయిన దేశిబెహెరా ఇంటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఆమె ముందు పులి వేషం కట్టేవాడు ఒడియావాడా తెలుగువాడా అని ఎవరూ అడగరు.

ఆ కుర్రాడు రెండు రోజులకి మళ్లీ వచ్చాడు. సూర్యుడే కావాలన్నాడు. కోణార్క చక్రం తీశాం. ఎనిమిది లావు ఆకులు, ఎనిమిది సన్న ఆకులు. సన్నవి గుడ్డ మీద సరిగా పడటం లేదు. నా పక్కనే నిలబడి మూడుసార్లు టెస్ట్ వేయించాడు.